ఆకుపచ్చ మండలం

నేను చేసే పని మనుషుల మాటలకు రంగులు వేయడం. గుంటూరులో ఒక మందుల దుకాణం పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు కుర్చీలు, తలుపు పక్కన నీళ్ళ క్యాను. ప్రభుత్వానికి రోజూ ఉదయం నివేదిక పంపే ఒక ప్రైవేటు సంస్థ దాన్ని నడుపుతుంది. జనం సోషల్ మీడియాలో రాసినవీ, వీడియోల్లో మాట్లాడినవీ, ఒకరి కింద ఒకరు పెట్టిన వ్యాఖ్యలూ అన్నిటినీ ఒక యంత్రం పోగుచేస్తుంది. సంతోషమైతే ఆకుపచ్చ, కోపమో దుఃఖమో అయితే ఎరుపు, రెండూ కాకపోతే బూడిద రంగు. ముందు యంత్రమే రంగు వేస్తుంది. అది సరిగా వేసిందో లేదో చూసి దిద్దడం మా పని. ఆ రంగులన్నీ కలిపి మండలాల వారీగా పటం గీస్తారు. ఏ మండలంలో జనం దేనికి బాధపడుతున్నారో ఆ పటంలో చూసి, ఏ సాయం ముందు ఎక్కడికి పంపాలో పైన నిర్ణయిస్తారు.

నన్ను ఆ పనిలోకి తీసుకోవడానికి కారణం నా చదువు కాదు, మా ప్రాంతపు మాట. యంత్రానికి పత్రికల తెలుగు వచ్చు. పల్నాటి తెలుగు రాదు. వినుకొండలో ఇద్దరు స్నేహితులు బిర్యానీ ఫోటో కింద, "ఏరా, నన్ను పిలవకుండా తింటావా, నీ అంతు చూస్తా" అని ఒకడూ, "రారా చూద్దాం, వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా" అని ఇంకొకడూ రాసుకుంటే, దాన్ని శాంతిభద్రతల సమస్య అనుకుని ఎరుపు వేసేది. చేరిన మొదటి వారంలో అలాంటివి వందల కొద్దీ ఆకుపచ్చకు మార్చాను. మా సూపర్‌వైజరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. "మీరు రాకముందు పల్నాడంతా తగలబడిపోతోందని రిపోర్టు పంపామండీ" అని నవ్వాడు.

మా తాతగారు కూడా ఒక విధంగా ఇదే పని చేశారు. వినుకొండ రోడ్డులో మా ఊరు. ఆ ఊరి నల్లరేగడిలో సగానికి పైగా ఒకప్పుడు మాది. ఎవరికి ఏ కష్టం వచ్చినా అర్జీ ఆయనే రాసేవారు. వడగళ్ళ వానకి పత్తి రాలిపోయినా, చెరువు కట్ట తెగినా, మనుషులు వచ్చి వాకిట్లో నిలబడి చెప్పుకునేవారు. ఆయన అంతా విని, ఏడుపులూ శాపనార్థాలూ తీసేసి, మిగిలిన దాన్ని చక్కటి తెలుగులో ఒకటిన్నర పేజీకి దించేవారు. కలెక్టరు కచేరీ నుంచి తప్పకుండా జవాబు వచ్చేది. ఆ జవాబు ఆయన భాషకు వచ్చేదా, కింద ఉన్న సంతకానికి వచ్చేదా అన్న అనుమానం చిన్నప్పుడు నాకు రాలేదు.

తరువాత పొగాకు వ్యాపారం, దాయాదుల వ్యాజ్యాలు. ఒక్కొక్క చెక్కా చేతులు మారింది. నేను ఇరవయ్యేళ్ళు ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పాను. అదీ మూతపడింది. ఇప్పుడు ఆ ఊళ్ళో నా పేరున మిగిలింది ఓటు ఒక్కటే.

అయినా ఆదివారాలు ఊరికి వెళ్ళడం మానలేదు. సహకార సంఘం పాత గోదాము అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు కాగితం తెస్తారు. బ్యాంకు నోటీసు, ఆసుపత్రి రిపోర్టు, రెవెన్యూ ఆఫీసు నుంచి వచ్చిన మెసేజీ. చదివి చెప్తాను. కావలసిన వాళ్ళకు రాసిపెడతాను. వాళ్ళు నా ముందు కాస్త వంగి నిలబడతారు. అది వయసుకు ఇచ్చే మర్యాద కాదని నాకు తెలుసు. తెలిసే వెళ్ళేవాణ్ణి.

కిందటి డిసెంబరు మొదటి ఆదివారం ఒక మనిషి చేతిలో కాగితం లేకుండా వచ్చాడు. అతని తండ్రి మా ఇంట్లో పాలేరు. ఒకప్పటి మా కాలువ గట్టు చేనునే అతను ఇప్పుడు నరసరావుపేటలో ఉండే కొత్త యజమాని దగ్గర కౌలుకు తీసుకుని మిర్చి వేస్తున్నాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను అతన్ని నువ్వంటాను. అతను నన్ను బాబుగారూ అంటాడు. దాన్ని మార్చాలని ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

"ఒకసారి చేలోకి వత్తారా బాబుగారూ, చూద్దురుగాని" అన్నాడు.

గట్టు మీద నుంచి చూస్తే చేను పచ్చగానే ఉంది. దగ్గరికి వెళ్ళాక ఆకులు దోనెల్లా ముడుచుకుని కనిపించాయి. అతను ఒక పువ్వు తుంచి అరచేతిలో కొట్టాడు. నలుసుల్లాంటి నల్లటి పురుగులు అతని చేతి గీతల్లో పరుగెత్తాయి.

"పూతంతా ఇదేనండి. తామర పురుగు. ఏడు మందులు కొట్టా. కొట్టినప్పుడు పడుకుని, పొద్దున్నే లేచి టిఫిను చేస్తన్నట్టుంది."

"టిఫిను మన చేలో, బోజనం పక్కోళ్ళ చేలో. అంతా చుట్టాలేగా" అంది పక్క సాలులో వంగి ఉన్న అతని భార్య, తల ఎత్తకుండానే.

రెండు రోజుల కిందటే అతని పేజీలో ఎర్రటి కాయలతో వంగిన కొమ్మ ఫోటో ఒకటి చూశాను. కింద 'దేవునికి స్తోత్రం' అని ఉంది. అదేమిటని అడిగాను.

"అది పోయినేడుదండి."

"మరి ఇప్పుడెందుకు పెట్టావు?"

"చేలో పంట ఉండంగా పోయిందని బయట అనం గదండి. మీకు తెలీందేముంది. ఈ ఊరి కాయకి పురుగంట అని పేరు పడిందా, రేపు మిర్చి యార్డులో బస్తా విప్పకుండానే పక్కకి నెడతారు. అందరూ ఇట్టాంటివే పెట్టారు. మనోడొకడు అసలు మన జిల్లాది కాని కాయ పెట్టాడు."

నిజమే. మా వైపు అది కొత్త అలవాటు కాదు. పత్తి కాయ కుళ్ళి రాలుతున్నా సంతలో ఎవరైనా అడిగితే "పర్లేదు, ఏదో ఉంది" అనేవాళ్ళు. పోయిందన్న మాట చేను ఖాళీ అయ్యాకే బయటికి వచ్చేది. ఇప్పుడు ఆ "పర్లేదు"కి ఫోటో తోడైంది.

అతను అడగదలచుకున్నది వేరు. పంట నష్టం లెక్కించే బృందాలు రాబోతున్నాయని టీవీలో చెప్పారు. పంట నమోదులో కౌలుదారుగా అతని పేరే ఉంది కాబట్టి సాయం వస్తే అతనికే వస్తుంది. కానీ మొక్కలు చేలో నిలబడి ఉండగా బృందం వచ్చి చూసి, ఫోటో తీసుకోవాలి. ఇటు చూస్తే కాలువ నీళ్ళు నెలాఖరుకు కట్టేస్తారు. ఆ లోపు మిర్చి పీకి జొన్న వేస్తే ఒక పంటైనా దక్కుతుంది.

"ఆఫీసర్లు వచ్చిందాకా మొక్కలుంచాలా, పీకి జొన్న వెయ్యాలా? ఆ ఒక్కటీ చెప్పండి బాబుగారూ. మీరు గవర్నమెంటు ఆఫీసులో చేస్తన్నారు గదా."

నాది గవర్నమెంటు ఆఫీసు కాదని నేను దిద్దలేదు. "ఉంచు, కనుక్కుంటాను" అన్నాను.

అతని కూతురు అక్కడే ఉంది. గుంటూరులో నర్సింగు చదువుతోంది, సెలవుకి వచ్చింది. నేను చేసే పని ఏమిటని అడిగింది. రంగులూ, పటం, నివేదికా చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "అంటే ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్ళ ఊరికి ముందొస్తారాండీ?" అంది.

"అంత మోటుగా ఉండదమ్మా."

"మరి ఎంత సున్నితంగా ఉంటదండీ?"

"ఏయ్" అన్నాడు తండ్రి.

సోమవారం ఆఫీసులో పటం తెరిచాను. మిర్చి అన్న మాట కింద మా మండలం నిండా ఆకుపచ్చ. చుట్టూ ఉన్న మండలాల్లో అక్కడక్కడా ఎరుపు మొదలైంది. మాది మాత్రం అప్పుడే వాన కురిసి వెలిసినట్టుంది. సూపర్‌వైజరును పిలిచి చూపించాను.

"ఇది అబద్ధం. ఆ ఫోటోలు పోయినేడాదివి. అక్కడ పంట లేదు."

"మీకెలా తెలుసండీ?"

"నిన్న చేలో నిలబడి చూశాను."

అతను చెడ్డవాడు కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. "మీరు చూసింది మీరు చూశారండీ. దాన్ని నేను ఏ గడిలో వేయను? పోస్టు ఉంటే లెక్కలోకి వస్తుంది. మీ ఊళ్ళో ఒక్కరినైనా పెట్టమనండి. ఒక మంచి వీడియో చాలు, నలుగురు షేర్ చేస్తే ఇరవై నాలుగు గంటల్లో రంగు మారిపోతుంది."

మంచి వీడియో అంటే ఏమిటో నాకు తెలుసు. రోజుకు వంద చూసేవాణ్ణి. చేలో దొర్లి ఏడ్చే ఆడవాళ్ళు, మందు డబ్బా ఎత్తి పట్టుకుని బెదిరించే మగవాళ్ళు. వాటికి ఎరుపు వేయడంలో ఏ సందేహమూ ఉండదు. మా ఊరివాళ్ళను ఆ వరసలో ఊహించుకుంటే నాకు ఒళ్ళు కుంచించుకుపోయింది. ఊరికి ఆ సంగతి చెప్పలేదు.

నేను చెప్పకుండానే ఆ అమ్మాయి చేసింది. తరువాతి ఆదివారం నేను బస్సు దిగేసరికి గోదాము అరుగు మీద పదిమంది దాకా ఉన్నారు. ఒకాయన తన ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"చూశారా అయ్యా, మన ఊరి కాయని బజార్లో పెట్టింది!"

వీడియోలో ఆ అమ్మాయి తల్లి సాలులో కూర్చుని ఉంది. మిర్చి మొక్కను వేళ్ళతో సహా పీకి, మట్టిని గుండెలకేసి కొట్టుకుంటోంది. "ఓట్లకొచ్చినోళ్ళు ఏరీ? మా చేను వచ్చి చూసేవాడు ఒక్కడూ లేడా?" అని అరుస్తోంది. మధ్యలో పురుగునూ, మందుల కొట్టునూ, మొగుణ్ణీ, దేవుణ్ణీ కూడా వదిలిపెట్టలేదు. పైట జారిపోయింది, ఆమెకు తెలియలేదు. శుక్రవారం పెట్టింది. అప్పటికే వేలమంది చూశారు. పక్క జిల్లాల వాళ్ళు కూడా కింద రాస్తున్నారు.

"మీరు చెబితే ఇంటారు. తీసెయ్యమనండి. యార్డులో మా మొహం ఎట్టా చూపించాలి?" అన్నాడు ఆ పెద్దాయన.

ఇంకొకతను గోడకి ఆనుకుని, "అందరిదీ పోయింది గదా, దాపరికం దేనికి? వాళ్ళమ్మ ఏడ్చింది, మనం ఏడవలేదు, అంతేగా తేడా" అన్నాడు. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఆ అమ్మాయి వాళ్ళ పల్లెకి నడిచి వెళ్ళాను. చర్చి పక్క సందు. క్రిస్మస్ దగ్గర పడింది కాబట్టి ఇళ్ళ మీద కాగితపు నక్షత్రాలు కట్టారు. వాళ్ళ వాకిట్లో నాకు కుర్చీ వేశారు. తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ అమ్మాయితో మెల్లగానే మాట్లాడాను. మీ అమ్మను అలా చూపించడం నీకు బాగుందా అన్నాను. ఆ వీడియో కింద ఎవడెవడో ఏమేమో రాస్తున్నాడని చెప్పాను. ఊరంతా సంతకాలు చేసి పద్ధతిగా ఒక అర్జీ పంపుదాం, నేను రాస్తాను అన్నాను.

"అర్జీకి మీ ఆఫీసులో ఏం రంగేస్తారండీ?" అంది.

"దాని విలువ దానికి ఉంటుంది."

"ఈ వీడియో పెట్టాకే మాకు మొదటిసారి ఫోన్లొస్తన్నాయండీ. నిన్న మండలం ఆఫీసు నుంచి కూడా ఎవరో చేశారు."

"ఏడిస్తే వచ్చేవాళ్ళు ఏడుపు ఆగగానే వెళ్ళిపోతారమ్మా."

ఆ వాక్యం నాకు అప్పుడు చాలా బాగుందనిపించింది. ఆమె తండ్రి వైపు చూసింది. అతను నన్నే చూస్తున్నాడు.

"బాబుగారు చెప్పారు గదమ్మా. తీసెయ్" అన్నాడు.

ఆమె నా ఎదురుగానే ఫోను మీద వేలు నొక్కింది. గుమ్మంలో ఉన్న తల్లి మాత్రం, "పోన్లే, నా ఏడుపు నా దగ్గరే ఉంటదిలే" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది తండ్రే.

ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చుని అర్జీ రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. పురుగు ఎప్పుడు కనబడింది, ఏ దశలో పూత రాలింది, కాలువ నీటికీ లెక్కింపుకీ ఉన్న సంబంధం ఏమిటి, మొక్కలు ఎంతకాలం నిలుపుకోగలరు, అన్నీ వరసగా రాశాను. ఎవరినీ నిందించలేదు. చివర 'తమ సహృదయానికి ముందుగానే కృతజ్ఞతలు' అని ముగించాను. చదివి వినిపిస్తుంటే పెద్దవాళ్ళు తలలు ఊపారు. ఒకాయన "పెద్దయ్యగారు రాసినట్టే ఉంది" అన్నాడు. చాలా ఏళ్ళ తరువాత ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నట్టనిపించింది. అరవైరెండు మంది సంతకాలు, వేలిముద్రలు. ఒక ప్రతి రిజిస్టరు పోస్టులో పంపాం. పేజీల ఫోటోలు తీసి వ్యవసాయ శాఖవారి పేజీలో పెట్టించాం.

మంగళవారం అది నా తెర మీదకే వచ్చింది. పన్నెండు మందిలో ఎవరి ముందుకైనా రావచ్చు. నాకే వచ్చింది.

యంత్రం చేతిరాత చదవలేదు. ఫోటోల పైన పెట్టిన రెండు వరసలే చదివింది: గౌరవనీయులైన అధికారులకు మా గ్రామ రైతుల నమస్కారములు, తమ సహృదయానికి కృతజ్ఞతలు. దానికి ఆకుపచ్చ వేసింది. అరవైరెండు మంది కలిసి ఒక పోస్టు. ఆ ఒక్కదానిలోనూ రైతులు సంతోషంగా ఉన్నారు.

మా దగ్గర నియమాల పుస్తకం ఒకటి ఉంటుంది. ఫిర్యాదు ఉన్నా, భాష మర్యాదగా ఉండి ఆవేశం లేకపోతే బూడిద రంగు వేయమని అందులో ఉంది. ఎరుపు మీట బూడిద మీట పక్కనే ఉంటుంది. నేను ఎరుపు నొక్కితే అడిగేవాడు లేడు. నా ఊరి కాగితానికి నేనే కావలసిన రంగు వేసుకోవడం తప్పుడు పని అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నిజమే, కానీ అది పూర్తి నిజం కాదు. ఎరుపంటే మా ఆఫీసులో ఏడుపు. నేను రాసిన నాలుగు పేజీల మీద ఆ ముద్ర నా చేత్తో నేను వేయలేకపోయాను. బూడిద నొక్కాను. తరువాతి పోస్టు వచ్చింది. ఎవరిదో పెళ్ళి బారాత్.

శుక్రవారం మొదటి విడత మండలాల జాబితా వచ్చింది. మాది లేదు. పక్క మండలం ఉంది. అక్కడ ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డం పెట్టి, ప్రతి ఇంటి నుంచీ ఒక వీడియో పెట్టారు. ఆ వారమంతా వాళ్ళ మండలానికి ఎరుపు వేసింది మేమే. వాళ్ళ పంటా పోయింది, అందులో అబద్ధం లేదు.

సూపర్‌వైజరు పూతరేకుల డబ్బా తెప్పించాడు. "మన పటం చూసే జాబితా వేశారండీ! యథాతథంగా! జనం నాడి పట్టుకుని పాలసీ చేయడమంటే ఇదే" అంటూ అందరికీ పంచాడు. నా చేతిలో ఒకటి పెట్టి, నా మొహం చూసి ఆగిపోయాడు. అప్పుడు చెప్పాను, మాది రాలేదని.

"మీ దగ్గర్నుంచి ఒక వీడియో బాగా పైకి వచ్చిందండీ, ఒకావిడ మొక్క పీకుతూ ఉంటుంది చూడండి. రెండు రోజుల్లో ఏమైందో, తీసేశారు. తీసేస్తే మన లెక్కలోంచి కూడా పోతుంది, ఇక్కడ కాపీ మిగలదు. అది ఉండుంటే మీ మండలం కచ్చితంగా ఎరుపులో పడేది."

"తీసేయించింది నేనే."

అతను పూతరేకుల డబ్బాకి మూత పెట్టాడు. "మళ్ళీ పెట్టమనండి, రెండో జాబితాకైనా పనికొస్తుంది" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ ఫోను చేయడానికి నాకు మర్నాటి దాకా పట్టింది. ఆ అమ్మాయి ఎత్తింది. ఆ వీడియోను మా ఆఫీసులో కూడా చూశారని చెప్పి, మళ్ళీ పెట్టమని అడిగాను.

"లేదండీ. మీ ముందరే ఫోన్లోంచి కూడా తీసేశాను. అమ్మ కంటబడకూడదని."

"ఎవరైనా దాచుకుని ఉంటారేమో..."

"అడిగి చూశానండీ. లేదు." అంది. "ఇంకోసారి ఏడవమని అమ్మని అడగమంటారా?"

ఆమె మర్యాదగా, "ఉంటానండీ" అని పెట్టేసింది.

ఆదివారం ఊళ్ళో అరుగు మీద మనుషులు తక్కువగా ఉన్నారు. చాలామంది చేలల్లో మిర్చి పీకుతున్నారు. జాబితా చూసి ఆశ వదులుకున్నారు. కాలువ గట్టు చేను ఒక్కటే కదలకుండా నిలబడి ఉంది. అతను గట్టు మీద నాకోసం ఎదురుచూస్తున్నాడు.

"అందరూ పీకుతున్నారు బాబుగారూ. మీరు ఉంచమన్నారని ఉంచా. ఏం చెయ్యమంటారు?"

అప్పుడైనా నాకేమీ తెలియదని చెప్పి ఉండవలసింది. రంగులు వేసే పని తప్ప ఆ జాబితాలో నా మాటకు చోటు లేదని చెప్పి ఉండవలసింది. కానీ అతని భార్య వింటోంది. గట్టు కింద ఇంకో ఇద్దరు వింటున్నారు.

"ఇంకొక్క వారం ఆగు. రెండో జాబితాలో మనది ఉంటుంది. అర్జీ చేరింది" అన్నాను.

"సరేనండి" అన్నాడు. అతనికి ఇంకో మాట అవసరం లేకపోయింది.

రెండో జాబితాలో మా మండలం ఉంది. కానీ అది వచ్చేసరికి డిసెంబరు వెళ్ళిపోయింది. వారం ఆగి, ఇంకో నాలుగు రోజులు కూడా చూసి, అతను మొక్కలు పీకి జొన్న చల్లాడు. అది చల్లిన రెండో రోజున కాలువ కట్టేశారు. ముందే పీకినవాళ్ళ చేలల్లో జొన్న మోకాలి ఎత్తు వచ్చింది. అతని చేలో సాలుకి పది మొలకలు, వాటి మధ్య నెర్రెలు.

బృందం వచ్చిన రోజు పనికి సెలవు పెట్టి వెళ్ళాను. ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు, వెనక ఇంకో ఉద్యోగి. గట్టు మీద నిలబడి చేను చూశారు.

"ఇక్కడ మిర్చి ఎక్కడుందండీ? మొక్క పక్కన రైతు నిలబడిన ఫోటో అడుగుతుంది ఇది. లేకపోతే ముందుకి పోదు" అని ట్యాబ్ చూపించాడు.

నేను ముందుకి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. అర్జీ నకలు ఇచ్చాను. అతను మొదటి పేజీ పైపైన చూసి, "బాగా రాశారండీ" అని మడిచి తిరిగి ఇచ్చేశాడు. తరువాత నన్ను వదిలేసి, కౌలుదారుతో మాట్లాడాడు.

"పెద్దాయనా, డిసెంబరులో నీ చేలో పంట పోయినట్టు ఏదైనా రుజువుందా? అప్పట్లో పెట్టిన వీడియోలాంటిది? ఉంటే అప్పీలు పెట్టుకోవచ్చు. నలుగురు చూసినదైతే ఇంకా మంచిది."

అతను చేను వైపు చూస్తూ, "లేదండి" అన్నాడు. నన్ను చూపించలేదు. నా పేరు ఎత్తలేదు. అతను ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బృందం పక్క చేలోకి వెళ్ళాక అతని కూతురు గట్టు ఎక్కి వచ్చింది. చేతిలో ఫోను.

"అప్పీలుకి ఇరవై రోజులు టైముందంటండీ. వీడియో ఉండేదని, వేలమంది చూశారని, మీరే తీసేయించారని మీ నోటితో చెప్పండి. ఆఫీసులో అది చూసినవాళ్ళున్నారన్నారు గదా. అదీ చెప్పండి. నేను పెడతాను."

"ఒరే, బాబుగారిని అట్టా నిలబెడతావా?" అన్నాడు తండ్రి. కూతురి మీద బాగా కోపం వస్తే అతను ఒరే అంటాడు.

"నిలబడతాను" అన్నాను.

ఎక్కడ నిలబడాలో ఆమె చెప్పింది. మొలకలు కనబడేలా కాస్త పక్కకి జరగమంది. ఒకప్పుడు మాదైన చేలో, నెర్రెల మీద, చెప్పులు సరిచేసుకుని నిలబడ్డాను. గట్టు మీద పదిమంది పోగయ్యారు. వాళ్ళలో వీడియో తీసేయించమని నన్ను అడిగిన పెద్దాయన కూడా ఉన్నాడు. ఆమె తల్లి కొంచెం దూరంగా, చేతులు కట్టుకుని చూస్తోంది.

నేను ఎవరో, ఎక్కడ పనిచేస్తానో చెప్పాను. ఆ తల్లి ఏడ్చింది నిజమని చెప్పాను. ఆ ఏడుపు మా ఊరి పరువుకి చెరుపని ఆ వీడియో తీసేయించానని, ఈ చేనుకి సాయం రాకపోవడానికి అదొక కారణమని, మొక్కలు ఉంచమని చెప్పింది కూడా నేనేనని, జొన్న పోవడానికి నేను చెప్పిన మాట కారణమని చెప్పాను. మా ఆఫీసులో నా పని ఆ రోజుతో సరి అని అప్పుడే తెలుసు. చేతులు జోడించబోయి, ఎవరికి జోడించాలో తెలియక దించేశాను.

ఆ అమ్మాయి ఫోను దించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"గాలికి మధ్యలో సరిగా పళ్ళేదండీ. తీసేయించింది నేనే అన్న కాడ నుంచి ఇంకోసారి చెప్పండి. కొంచెం గట్టిగా."

గొంతు సవరించుకున్నాను. అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టి, గట్టు మీద ఉన్నవాళ్ళందరికీ వినబడేటట్టు చెప్పాను.